ప్రోగ్రాములు పరిణామం చెందాలంటే ముందు వాటి భాష మారాలి

సి భాషలో రాసిన ఏ ప్రోగ్రాంలోనైనా కళ్ళు మూసుకుని ఒక అక్షరం మార్చి చూడండి, చాలావరకు అది కంపైలే కాదు. డీఎన్ఏలో అలా కాదు. అక్కడ 61 కోడాన్లు, అంటే మూడేసి అక్షరాల గుంపులు, ప్రోటీన్లను కట్టే 20 అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, కాబట్టి కోడాన్‌లో మూడో అక్షరం మారినా చాలాచోట్ల అదే అమైనో ఆమ్లం వస్తుంది. పరిణామం అనగానే మ్యుటేషన్ (యాదృచ్ఛిక మార్పు), ఎంపిక అంటూ అందరూ మాట్లాడతారు కానీ, అసలు విషయం ఈ ఎన్‌కోడింగ్‌లోనే, అంటే సమాచారాన్ని రాసే పద్ధతిలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ టియెర్రా అనే కంప్యూటర్ ప్రయోగం. కోస్టారికా అడవుల్లో పనిచేసిన జీవశాస్త్రవేత్త టామ్ రే 1990 ప్రాంతంలో కంప్యూటర్ మెమరీలో తమను తామే కాపీ చేసుకునే ప్రోగ్రాములను వదిలాడు. మామూలు మెషీన్ కోడ్ ఇందుకు పనికిరాదని ఆయనకు అర్థమైంది, ఎందుకంటే సూచనలకు అంకెలు కూడా తగిలిస్తే వచ్చే రూపాలు కోట్లలో ఉంటాయి, వాటిలో పనికొచ్చేవి ఏ మూలనో ఉంటాయి. అందుకని 32 సూచనలే ఉన్న చిన్న భాష తయారుచేశాడు, ఒక్కోటీ 5 బిట్లు, అంకెల్లేవు. మరి ప్రోగ్రాంలో ఒకచోటు నుంచి ఇంకోచోటికి దూకాలంటే, అంటే జంప్ చేయాలంటే, ఎక్కడికి చేయాలి? అంకెల చిరునామా బదులు, 0, 1 గుర్తులుగా పనిచేసే రెండు సూచనలతో 1100 లాంటి ఒక నమూనా ఇస్తే, దానికి సరిగ్గా విలోమంగా ఉన్న 0011 దగ్గర్లో ఎక్కడుందో వెతుక్కుని అక్కడికి వెళ్తుంది. ఈ ఆలోచన ఆయన కణంలోని అణువుల నుంచే తీసుకున్నాడు, ఒకదాని ఆకారం ఇంకొకదానికి అమరితేనే అవి అతుక్కుంటాయి కదా.

ఆయన చేత్తో రాసిన మొదటి జీవి పొడవు 80 సూచనలు. దాని కాపీ చేసే భాగం 1100 అనే గుర్తుతో మొదలవుతుంది, మొత్తం జీవి 1110తో ముగుస్తుంది. ఇప్పుడు ఒక్క బిట్ తిరగబడి ఆ 1100 కాస్తా 1110 అయిందనుకోండి, తన శరీరం అక్కడితోనే అయిపోయిందని ప్రోగ్రాం లెక్కగట్టుకుంటుంది, 45 సూచనల పిల్ల పుడుతుంది. దానికి కాపీ చేసే భాగమే లేదు, అయినా చావదు! కావలసిన గుర్తు కోసం బయట వెతికి, పక్కనున్న జీవి కోడ్‌నే వాడుకుని పిల్లల్ని కంటుంది. రే పరాన్నజీవిని రాయలేదు, అదే పుట్టింది. తర్వాత దాన్ని తట్టుకునే ఆతిథేయులు వచ్చాయి, ఆ పైన పరాన్నజీవులనే దోచుకునే జీవులూ వచ్చాయి.

అదే జంపులన్నీ అంకెల చిరునామాలతో రాసి ఉంటే? పొడవు మారిన ప్రతిసారీ ప్రోగ్రాం తన చిరునామాలు తప్పి కూలిపోయేది, పక్కవాడి కోడ్‌ను వెతుక్కునే అవకాశమే ఉండేది కాదు. ఈ కథంతా నడిచింది గుర్తుల పద్ధతి వల్లే.

కాలేజీ ప్రాజెక్టుకు జెనెటిక్ అల్గారిథం (పరిణామాన్ని అనుకరిస్తూ మంచి పరిష్కారాలు వెతికే ప్రోగ్రాం) రాస్తున్నవాళ్ళు మ్యుటేషన్ రేటు అటూ ఇటూ తిప్పుతూ టెన్షన్ పడటం చూస్తుంటాను. ముందు మీ ఎన్‌కోడింగ్ చూసుకోండి. మామూలు బైనరీలో 7 అంటే 0111, 8 అంటే 1000, పక్కపక్క అంకెలే అయినా ఒకదాన్నుంచి ఇంకొకదానికి వెళ్ళాలంటే నాలుగు బిట్లూ ఒకేసారి మారాలి. పక్కపక్క అంకెల మధ్య ఒక్క బిట్టే మారేలా రాసే గ్రే కోడ్‌లో అవే 0100, 1100, ఒక్క బిట్ చాలు.