బందరు అద్దకం మీద ఒక సాయంత్రం

ఇంగ్లండ్‌లో మేముండే చిన్న ఊళ్లో ఒక కళా సంఘం ఉంది. నెలకోసారి రాత్రి ఏడున్నరకి చర్చి పక్క హాల్లో ఎవరో ఒకరు వచ్చి స్లైడ్లు వేసి మాట్లాడతారు. ఒక నెల చర్చి కిటికీల రంగుటద్దాలు, ఒక నెల టర్నర్ చిత్రాలు. వచ్చేవాళ్లు ఎక్కువమంది రిటైరైనవాళ్లు. పక్కింటావిడ పిలిస్తే నేనూ వెళ్లడం మొదలుపెట్టాను. పన్నెండేళ్ల మా అమ్మాయిని మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లలేదు. మొన్న ఫిబ్రవరిలో మా ఆయనకి నైట్ షిఫ్ట్ పడింది. పిల్లని ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేక వెంటబెట్టుకు వెళ్లాను. ఆ రోజు విషయం చింట్జ్, అంటే మన అద్దకం నూలు గుడ్డలు.

మొదటి స్లైడు ఒక పాత మ్యాపు. తీరం వెంబడి ఒకచోట 'మసులిపటం' అని ఉంది. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని లాగింది. "అమ్మా, అది అమ్మమ్మ వాళ్ల ఊరు కదూ?"

అవును, మా బందరే. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టింది. మన తీరం నుంచి వచ్చిన అద్దకం గుడ్డల మీద ఇక్కడివాళ్లకి ఎంత మోజంటే, ఉన్ని, పట్టు నేతగాళ్లు తమ పొట్ట కొడుతున్నారని గొడవకి దిగారు. 1721లో చట్టం చేశారు. అద్దకం నూలు గుడ్డ కట్టుకుని కనబడితే ఐదు పౌన్ల జరిమానా. 1770ల్లో డేవిడ్ గారిక్ అనే పేరున్న నటుడి భార్యకి కలకత్తా నుంచి స్నేహితులు మంచానికి అద్దకం తెరలు పంపిస్తే, కస్టమ్స్ వాళ్లు పట్టుకుపోయారట. గారిక్ ఉత్తరాలు రాసి బతిమాలుకోవలసి వచ్చింది. ఆ తెరలు ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ తర్వాత స్లైడ్లు వేస్తున్నాయన గుడ్డ మీది ఒక ఆకుని స్క్రీనంతా పెద్దది చేసి చూపించాడు. ఆకు అంచున గీత ఒకచోట సన్నబడి, మళ్లీ లావెక్కింది. కలం పట్టిన చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగినట్టుంది. పిల్ల కుర్చీ అంచుకి జరిగింది. ప్రశ్నలడగమన్నప్పుడు ఆ తెల్లజుట్ల మధ్య నుంచి చెయ్యెత్తింది.

"ఈ బొమ్మ వేసినవాళ్ల పేరేమిటి?"

ఆయన కాసేపు ఆగి, "తెలియదమ్మా, వాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు" అన్నాడు. దాటవెయ్యకుండా చెప్పాడు, అది నాకు నచ్చింది.

కారులో మా అమ్మాయి ఊరుకోలేదు. "గుడ్డ ఎవరింటికి వెళ్లిందో తెలుసు, ఎవరు పట్టుకున్నారో తెలుసు. వేసిందెవరో తెలియదా?" నా దగ్గర జవాబు లేదు. శనివారం తెలుగు క్లాసు, ఉగాదికి స్టేజీ మీద డాన్సు, సంక్రాంతికి ముగ్గు, అన్నీ చేయించాను. చెప్పినవన్నీ బుద్ధిగా చేసింది. కానీ తనంతట తను మన ఊరి గురించి ఒక్క ప్రశ్న అడగడం నేను అంతకుముందు వినలేదు. అది ఇంగ్లిష్‌లో, పరాయివాళ్ల హాల్లో మొదలైనందుకు కాస్త బాధ కలిగింది. అంతకంటే సంతోషమే ఎక్కువ.

ఆదివారం ఫోన్లో అమ్మమ్మని పట్టుకుంది. మా అమ్మ పుట్టింది బందరు దగ్గరి పెడనలో, అద్దకం వాళ్ల వీధిలోనే. "ముందు గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచుతారే. రంగు పక్కకి పాకకుండా ఆ పాలు. ఆరేసినప్పుడు వీధంతా పులిసిన పాల వాసన. ఎరుపు కావాలన్నచోట పటిక అద్దుతారు. అప్పుడు చూస్తే ఏమీ కనబడదు. రాగి కాగులో రంగు మొక్క వేళ్లు వేసి ఉడికిస్తే, పటిక పడ్డచోట ఎరుపు లేచి వస్తుంది. తర్వాత పారే కాలవలో ఉతకడం."

"పేర్లు రాయరా అమ్మమ్మా?"

"ఎందుకే రాయడం? గుడ్డ చూస్తే ఎవరి చెయ్యో మాకు తెలిసిపోయేది."

ఫోన్ పెట్టేశాక నా పెళ్లప్పుడు అమ్మ ఇచ్చిన అద్దకం దుప్పటిని బీరువాలోంచి తీయించి హాల్లో పరిచింది. ఆ స్లైడులోది కలంతో వేసింది, ఇది టేకు అచ్చులతో అద్దింది. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడుందో వేలితో వెతుకుతూ పోయింది. ఎడమ మూల దగ్గర ఆగింది. అక్కడ ఒక తీగ, పక్క అచ్చులోని తీగకి అందకుండా దారమంత ఎడంగా ఉండిపోయింది.

"అమ్మా, ఇటు రా. ఇక్కడ చెయ్యి జరిగింది" అంది. ఆ మూలని ఫొటో తీసి అమ్మమ్మకి పంపించింది, ఎవరి చెయ్యో చెప్పమని.