మూడు బోల్టుల మీద గ్రానైట్ ప్లేటు

మిర్యాలగూడలో రైస్ మిల్లుల షాఫ్టులు, బేరింగ్ హౌసింగులు బాగుచేసే మా లేత్ షాపు కోసం 630 మిల్లీమీటర్ల పొడవు, 400 వెడల్పు, 100 మందం ఉన్న నల్ల గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు, అంటే కొలతలు తీయడానికి ఆధారంగా వాడే చదునైన రాతి పలక, కొన్నాను. రాతి వ్యాపారులు నల్ల గ్రానైట్ అనే ఈ రాయి చాలా వరకు డోలరైట్, గాబ్రో జాతికి చెందినది. మన నల్లగొండ, పాలమూరు గుట్టల్లో బూడిదరంగు, గులాబీరంగు గ్రానైట్‌ను చీల్చుకుంటూ నల్లని కట్టల్లా సాగేవి డోలరైట్ పొరలే. ప్లేటు బరువు సుమారు 75 కిలోలు.

మొదటి స్టాండును నాలుగు మూలలా నాలుగు బోల్టులతో చేశాను. లెవెల్ కుదిరిందనుకున్నాక ఒక మూల మీద చేయి ఆనిస్తే స్పిరిట్ లెవెల్‌లో బుడగ కదిలేది. ఆ బోల్టు బిగిస్తే ఎదురు మూల వదులయ్యేది. పల్లెల్లో మూడు రాళ్ల పొయ్యి ఎందుకు పెడతారో అప్పుడు గుర్తుకొచ్చింది: నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు రాళ్ల మీది కుండ ఊగదు, నాలుగోది పెడితే ఏదో ఒక రాయి బరువు మోయకుండా మిగిలిపోతుంది. సర్ఫేస్ ప్లేటుకైతే నష్టం ఊగడంతో ఆగదు. బరువు పడే చోటు మారిన ప్రతిసారీ రాయి కూడా మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) వంగుతుంది, కొలతకు ఆధారమైన తలమే మారిపోతుంది.

రెండో స్టాండుకు 50 మిల్లీమీటర్ల స్క్వేర్ ట్యూబు వాడాను. ‘నాలుగు బోల్టులుంటెనే బలంగ నిలవడ్తది గదన్నా’ అని వెల్డింగ్ చేసే తమ్ముడు సందేహపడితే, కాళ్లు నాలుగే ఉంటాయని, రాయి ఆనేది మాత్రం మూడు చోట్లనేనని చూపించాను. ప్లేటు అడుగున, రెండు చివరల నుంచి పొడవులో ఐదో వంతుకు కాస్త ఎక్కువ దూరంలో, ఒక వైపు రెండు, రెండో వైపు మధ్యలో ఒకటి చొప్పున ఆనే స్థానాలు ఉన్నాయి. తయారీలో ప్లేటును ఆ మూడు చోట్ల నిలిపే నునుపు చేస్తారు కనుక బోల్టులు సరిగ్గా వాటి కిందికే రావాలి.

బోల్టులు 16 మిల్లీమీటర్లవి, పిచ్ (ఒక పూర్తి చుట్టుకు బోల్టు జరిగే దూరం) 2 మిల్లీమీటర్లు. ఫ్రేముకు నట్లను వెల్డు చేసి, బోల్టు తల కిందికి, కొన పైకి ఉండేలా ఎక్కించాను. కొనను లేత్ మీద గుండ్రంగా తిప్పి, దానిపై లోతు తక్కువ గుంట ఉన్న 40 మిల్లీమీటర్ల ఇనుప బిళ్ల, బిళ్లకూ రాయికీ మధ్య గాస్కెట్ షీటు పెట్టాను. కొన గుండ్రంగా ఉంటే బిళ్ల తనంతట తానే రాయికి సమంగా ఆనుకుంటుంది.

లెవెల్ చేయడానికి ఓపిక కావాలి. నా స్పిరిట్ లెవెల్‌లో ఒక గీత అంటే మీటరుకు 0.02 మిల్లీమీటర్లు, బోల్టుల మధ్య దూరం 350 మిల్లీమీటర్లు కనుక ఒక గీత జరగాలంటే బోల్టు లేవవలసింది 0.007 మిల్లీమీటర్లే. అడుగు పొడవు స్పానరు చివర అది సుమారు 7 మిల్లీమీటర్ల కదలిక. అంత జాగ్రత్తగా సరిచేసినా, బోల్టు కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ బిగించగానే మరలోని సందు ఒక పక్కకు తేలిపోయి బుడగ మళ్లీ జరుగుతుంది. అందువల్ల ఎటు జరుగుతుందో ముందే చూసుకుని, అంత మేర వదిలిపెట్టి బిగించడం అలవాటు చేసుకున్నాను.

ఒకే బోల్టు ఉన్న వైపు మూల మీద బరువైన హౌసింగ్ పెడితే ప్లేటు ఒరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ రెండు మూలల కింద రాయికి తగలకుండా 3 మిల్లీమీటర్ల సందు వదిలి యాంగిల్ ముక్కలు వెల్డు చేయించాను. ఆ సందులోకి చెత్త చేరి రాయికి ఆనుకుందంటే మళ్లీ నాలుగు కాళ్ల కథే కనుక వారానికోసారి అక్కడ రేకు ముక్క ఆడించి చూస్తాను.

స్టాండును కిటికీకి దూరంగా, లోపలి గోడ పక్కన పెట్టాను. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు: ఈ మందం ప్లేటు పైభాగం అడుగుకంటే ఒక్క డిగ్రీ వేడెక్కినా మధ్యలో సుమారు 3 మైక్రాన్లు ఉబ్బుతుంది. మే నెలలో ముఖ్యమైన కొలతలన్నీ ఉదయం ఎనిమిదిలోపే, షట్టరు సగం దించి ముగిస్తున్నాము.