బందరు రోడ్డు చివరిదాకా

మేముండేది విజయవాడలో, బందరు రోడ్డుకి రెండు సందులు లోపల. పిల్లల స్కూలు, నా బ్యాంకు, మా ఆయన షాపు అన్నీ ఆ రోడ్డు మీదే. అయినా పిల్లలు ఇంతవరకూ ఆ రోడ్డు చివరనున్న బందరు, అదే మచిలీపట్నం, చూడలేదు. క్రిస్మస్ సెలవులకి ఎక్కడికైనా వెళ్దామంటే పాప అరకు అంది, బాబు ఊటీ అన్నాడు. ఈ సీజన్‌లో అరకులో రూము దొరకడమే గగనం, నాకు సెలవూ ఎక్కువ లేదు. "మా బందరు వెళ్దాం పదండి, ఒక రాత్రి ఉండి వద్దాం" అని అత్తయ్య అనేసరికి నేను వెంటనే సరేనన్నాను.

ఆవిడ పుట్టి పెరిగింది అక్కడే. నాకూ ఒక కారణం ఉంది. నేను ఉద్యోగంలో చేరేనాటికి మా బ్యాంకు పేరు ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో దాన్ని మొదలుపెట్టింది బందర్లోనే. 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కానీ, పెద్దవాళ్లు ఇప్పటికీ కౌంటర్ దగ్గరికొచ్చి "ఇది ఆంధ్రా బ్యాంకేగా అమ్మా" అని అడుగుతుంటారు. మా ఇంటికి తిండి పెడుతున్న సంస్థ పుట్టిన ఊరిని పిల్లలకి చూపించాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

బస్సులో అయితే డెబ్బై కిలోమీటర్లు, తొందరగానే వెళ్లిపోవచ్చు. మేం మాత్రం కావాలనే పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కాం. గుడివాడ మీదుగా, చేల మధ్యలోంచి పోతుంది. ఉప్పలూరు దాటేదాకా కిటికీలోంచి మంచు తప్ప ఏమీ కనపడలేదు. ఆ తర్వాత ఎండ పొడ తగిలి ఒక్కొక్కటే బయటపడ్డాయి: కోసిన వరి పనలు, కుప్పలు, గట్ల మీద కొంగలు. కోసేసిన చేలల్లో మోళ్ల మధ్య లేత పచ్చగా ఏదో మొలిచి ఉంది.

"నానమ్మా, కోసేశారుగా, మళ్లీ పచ్చగా ఏంటది?" అన్నాడు బాబు.

"మినుము రా. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే, చేలో తడి ఉండగానే చల్లేస్తారు. కోసేవాళ్లు తొక్కుకుంటూ పోయినా మొలుస్తుంది. తర్వాత నీళ్లు కూడా పెట్టరు, ఈ మంచుకే పండుతుంది."

వాడి చేతిలో ఇంటి దగ్గర కట్టుకొచ్చిన ఇడ్లీ ఉంది. దాన్నొకసారి, చేనునొకసారి చూసి, "ఇదేనా అది?" అన్నాడు. పుస్తకంలో ఎన్నిసార్లు చెప్పినా రాని ప్రశ్న అది.

బందరుకి కాస్త ముందే పెడనలో దిగిపోయాం. అక్కడి కలంకారీ అద్దకం చూడాలన్నది నా కోరిక. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. స్టేషన్ బయట ఆటో అతన్ని అడిగితే తనకి తెలిసిన షెడ్డు దగ్గరికి తీసుకెళ్లాడు. పొడవాటి బల్లలు, వాటి మీద మెత్తగా ఉండేందుకు పరిచిన గోనె పట్టాలు, ఆపైన లేత పసుపు రంగు గుడ్డ. ఆ పసుపు కరక్కాయది. గుడ్డని ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయని దగ్గుకి తప్ప ఎరగని అత్తయ్య గుడ్డ అంచు పట్టుకుని వాసన చూసి "అదే!" అన్నారు.

నల్ల రంగు ఎలా వస్తుందో ఆ పనివాడు చూపించాడు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన తొట్టి అది. మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. ఆ నీళ్లలో చూస్తే నలుపు లేదు. అచ్చు ముంచి, గుడ్డ మీద ఆనించి, పైన పిడికిలితో ఒక్క దెబ్బ వేశాడు. అచ్చు తీసేసరికి కరక్కాయ పట్టిన చోట తీగా ఆకూ నల్లగా తేలుతున్నాయి. పక్క బల్ల మీద పటిక నీళ్లతో అద్దుతున్నారు. అక్కడ అచ్చు పడిందో లేదో కూడా సరిగ్గా తెలియడం లేదు.

"మరి ఎరుపు ఏదండీ?" అంది పాప.

"ఉడికాక కనపడుద్ది పాపా. పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుద్ది."

వెనక పెరట్లో పెద్ద రాగి గంగాళం కింద కట్టెలు మండుతున్నాయి. ఒకతను కర్రతో గుడ్డని కలియబెడుతూ, మధ్యమధ్యలో పైకెత్తి చూస్తున్నాడు. కాసేపటికి ఏమీ లేదనుకున్న చోట ఎర్రటి పూలు వచ్చాయి. పాప కదల్లేదు. సెల్‌ఫోన్ చేతిలో ఉండి కూడా ఫొటో తీయకుండా చూస్తూ నిలబడింది. దానికి కెమిస్ట్రీ అంటే టెన్షన్. ఆ రోజు మాత్రం దారంతా పటికకీ ఎరుపుకీ సంబంధం ఏంటో వాళ్ల నాన్నని అడుగుతూనే ఉంది.

అద్దకానికి చలికాలమే మంచిదట. వానలు తగ్గి, ఎండ బాగా కాసి గుడ్డలు చక్కగా ఆరతాయి. బజార్లో అవే డిజైన్లు స్క్రీన్ ప్రింటులో సగం ధరకే వేలాడుతున్నాయి. చూడ్డానికి తేడా పెద్దగా లేదు. కానీ ఆ పిడికిలి దెబ్బలు చూశాక చవకది కొనబుద్ధి కాలేదు. రెండు దుప్పట్లు, అత్తయ్యకో చీర షెడ్డులోనే తీసుకున్నాం. చేతిపని బతకాలని మాటల్లో అనుకుంటే సరిపోదు, పర్సు తీయాలి.

బందర్లో రూము సంగతి ఎక్కువ చెప్పను. గీజరు పనిచేయలేదు, కుర్రాడు బకెట్లతో వేణ్ణీళ్లు తెచ్చిచ్చాడు. సాయంత్రం అత్తయ్య మమ్మల్ని చిలకలపూడి పాండురంగస్వామి గుడికి తీసుకెళ్లారు. ధనుర్మాసం కదా, జనం బాగానే ఉన్నారు. చిలకలపూడి అంటే రోల్డ్ గోల్డ్ కూడా. గాజులు బేరమాడటంలో అత్తయ్యకి పదేళ్లు తగ్గాయి. కోనేరు సెంటర్లో ఆవిడ చిన్నప్పటి షాపు ఏదీ మిగల్లేదు, అయినా ఏ సందు ఎక్కడికి పోతుందో ఒక్కటీ మర్చిపోలేదు.

బందరు లడ్డు మాత్రం వేడిగా ఉండగానే తిన్నాం. మామూలు లడ్డులా బూందీ కాదు. శనగపిండితో పూస వేయించి, దాన్ని దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి, నెయ్యి పోస్తూ మళ్లీ రోకలితో తొక్కుతారు. నోట్లో పెట్టుకుంటే ఎక్కడా పలుకు తగలదు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నల్ల హల్వా కూడా కొన్నాం, అది మా ఆయనకి.

మర్నాడు పొద్దున్నే మంగినపూడి బీచ్. నల్లమట్టి తీరం, కాళ్లకి ఇసక కంటే బురదే ఎక్కువ అంటుకుంటుంది. పిల్లలు ఆడుతుంటే అత్తయ్య ఒడ్డున కూర్చుని 1977 నవంబర్ 19 గురించి చెప్పారు. అప్పటికావిడ హైస్కూలు పిల్ల. రాత్రంతా గాలి మోత, తలుపుకి అడ్డంగా రుబ్బురోలు పెట్టి నలుగురూ దాన్ని నొక్కిపట్టుకుని కూర్చున్నారట. దివిసీమలో ఆ ఉప్పెనకి ఊళ్లకి ఊళ్లే పోయాయి, పదివేల మందికి పైగా చనిపోయారు. వాళ్ల క్లాసులో దివి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మళ్లీ బడికి రాలేదట. ఆ అమ్మాయి పేరు కూడా చెప్పారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ మాట మా ఆయన కూడా ఎప్పుడూ వినలేదు. ఇంట్లో అయితే కుక్కరు విజిల్, టీవీ, ఎవరో ఒకరి ఫోను, అసలు ఈ మాట వచ్చే వీలే ఉండేది కాదు. 1864లో అయితే ఉప్పెన బందరు మీదే పడింది, ముప్పై వేల మంది పోయారని పుస్తకాల్లో చదివాను. ఒకప్పుడు డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి వ్యాపారం పెట్టిన రేవు ఇది. ఇప్పుడు మళ్లీ పోర్టు కడుతున్నారు. బాగుపడాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

తిరిగి వచ్చేది బస్సులో. ఎక్కేముందు స్టాండు బయట ఉడకబెట్టిన తేగలు కట్టలు కట్టి అమ్ముతుంటే కొన్నాం. నిలువునా చీల్చి, పీచు తీసి, మధ్యలో ఉండే చందమామని పిల్లలకి ఎలా ఇవ్వాలో అత్తయ్య చూపించారు. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బెంజి సర్కిల్ వచ్చేసరికి తేగల కట్ట అయిపోయింది.

ఎవరైనా వెళ్లాలనుకుంటే పెడనకి ఆదివారం కాకుండా పనిరోజు వెళ్లండి, అద్దకం జరుగుతుండగా చూడొచ్చు. పామర్రు దగ్గర కూచిపూడి దారి బోర్డు చూసి పాప "ఇక్కడేనా?" అంది. సంక్రాంతి హడావుడి అయ్యాక అక్కడికి వెళ్తాం.