పికప్ వెనక చక్రాలు ఇంటి వాకిట్లోనే విప్పాం

సెకండ్ హ్యాండ్‌లో పికప్ కొనేవాళ్లు ముందు ఇంజన్ శబ్దం వింటారు, తర్వాత టైర్లు చూస్తారు, ఆపైన బేరంలో పడతారు. కిందికి దూరి కమాన్లు, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు, చూసేవాళ్లు తక్కువ. మా బొలెరో పికప్ అసలు కథంతా ఆ కమాన్ల దగ్గరే ఉంది.

మాది నర్సంపేట వైపు. బండికి వానాకాలం పంట చేతికొచ్చినప్పుడు వడ్లు, దాంతోపాటు పత్తి, ఎండలు ముదిరేసరికి మిర్చి. కిరాయిలు చాలావరకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కే. పత్తి సీజన్ చివరికి వచ్చేసరికి రెండు తేడాలు కనిపించాయి. బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగుతోంది. ఖాళీగా నిలబెట్టినా వెనక కుడివైపు ఒరిగి ఉంటోంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కూడా మెల్లగా దిగుతోంది. రవాణా శాఖ ఫిట్‌నెస్ తనిఖీ తేదీ దగ్గర పడటంతో టెన్షన్ మొదలైంది. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాల్సిందే, మా బండి ఆ వయసు దాటింది. సంక్రాంతి అయ్యాక, కొత్త మిర్చి మార్కెట్‌కు జోరుగా రాకముందు కొంచెం ఖాళీ దొరుకుతుంది. ఆ సందులో నేనూ తమ్ముడూ పని పెట్టుకున్నాం.

విప్పకముందే చూడాల్సినవి కొన్ని ఉంటాయి. బండి ఒక పక్కకు లాగితే ముందు టైర్లలో గాలి చూసుకోవాలి. ఒక ముందు టైరులో గాలి తక్కువున్నా అలాగే లాగుతుంది. మావి సమానంగానే ఉన్నాయి. తర్వాత ఊరి బయట మట్టి బాటలో ఖాళీ బండిని మెల్లగా నడిపి, గట్టిగా బ్రేకు తొక్కి దిగి చూశాం. ఎడమ వెనక టైరు మట్టిని గీసుకుంటూ పోయిన గుర్తు స్పష్టంగా ఉంది. కుడి టైరు దొర్లిపోయింది తప్ప ఆగలేదు. అంటే కుడి వెనక బ్రేకు పట్టడం లేదు. కాస్త దూరం నడిపి వచ్చి డ్రమ్ముల (చక్రం వెనక బ్రేకును కప్పి ఉండే గుండ్రటి ఇనుప డబ్బాలు) దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఎడమది వేడిగా, కుడిది దాదాపు చల్లగా ఉంది. పైసా ఖర్చు లేని ఈ రెండు పరీక్షలతో రోగం ఎక్కడుందో తెలిసిపోయింది. మెకానిక్ దగ్గరికే వెళ్లాలనుకున్నా సరే, ఇంతవరకు చూసుకుని వెళ్తే మేలు. “బ్రేకులు సరిగ్గా లేవన్నా” అంటే నాలుగు చక్రాలూ విప్పుతారు. “కుడి వెనకది పడతలేదు” అంటే ఒకటి విప్పుతారు.

జాకీ సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. జాకీ బండిని లేపడానికే, నిలబెట్టడానికి కాదు. మా దగ్గర స్టాండ్లు లేవు కాబట్టి బాపు ఎప్పుడో కోయించి పెట్టిన తుమ్మ మొద్దులు వాడాం. వెడల్పుగా, అడ్డంగా, ఒకదాని మీద ఒకటి కదలకుండా పేర్చాం. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టొద్దు. బరువు ఒక అంచు మీద పడిందంటే అవి చెప్పకుండా పగులుతాయి. వెనక డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్ బ్రేకు దించాలి, కాబట్టి ముందు చక్రాలకు రెండు పక్కలా రాళ్లు పెట్టాం. కమాన్ కూడా విప్పాలి గనుక మొద్దులు ఛాసిస్ కింద పెట్టాం, యాక్సిల్ కింద కాదు. ఛాసిస్ మొద్దుల మీద ఆగి, యాక్సిల్ కిందికి వేలాడితేనే కమాన్ మీద బిగువు పోతుంది. బిగువు మీదున్న కమాన్ బోల్టు విప్పితే అది ఎటు తన్నుతుందో చెప్పలేం.

చక్రం ఊడదీశాక డ్రమ్ము కదల్లేదు. అది మామూలే. చాలా డ్రమ్ముల ముఖం మీద మరలున్న చిన్న రంధ్రాలు రెండు ఉంటాయి. సరిపోయే బోల్టులు వాటిలోకి ఎక్కించి అటు కొంచెం ఇటు కొంచెం బిగిస్తూ పోతే డ్రమ్మే బయటికి వస్తుంది. సుత్తితో అంచు మీద బాదితే అంచు పగిలి కొత్త డ్రమ్ము కొనుక్కోవాల్సి వస్తుంది. లోపలున్న దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. డ్రమ్ముకు రాసుకుని బండిని ఆపే పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిగుడ్డతో తుడిచి పడేశాం.

డ్రమ్ము తీయగానే లోపల తడి కనిపించింది. ఇక్కడ తొందరపడకూడదు. ఆ తడి రెండు చోట్ల నుంచి రావొచ్చు. బ్రేక్ సిలిండర్ కారితే వచ్చేది బ్రేక్ ఆయిల్, పల్చగా ఉంటుంది. యాక్సిల్ ఆయిల్ సీలు పోతే వచ్చేది క్రౌన్ ఆయిల్ (వెనక యాక్సిల్ గేర్లకు పోసేది), చిక్కగా, జిగటగా, గంధకం కలిసిన ఘాటు వాసనతో ఉంటుంది. వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తే తేడా తెలుస్తుంది. సీలు పోయిందంటే యాక్సిల్ రాడ్ బయటికి లాగాలి, బేరింగ్ ప్రెస్ మీద తీయాలి, అది వాకిట్లో అయ్యే పని కాదు. మాది సిలిండర్ కారడమే. రబ్బరు టోపీ కొంచెం ఎత్తి చూస్తే లోపలంతా ఆయిల్ నిండి ఉంది.

సిలిండర్‌కు రబ్బరు కిట్లు చవకగా దొరుకుతాయి. కానీ లోపలి గోడకు తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త రబ్బరు వేసినా కొన్నాళ్లకు మళ్లీ కారుతుంది. మాది గుంటలు పడింది, సిలిండరే మార్చాం. ఆయిల్ తాగిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు. అది పైకి ఆరినట్టుంటుంది, వేడెక్కగానే లోపలి ఆయిల్ బయటికొస్తుంది. షూలు, అంటే లైనింగు అంటించి ఉండే ముక్కలు, రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి అయితే మళ్లీ అదే లాగుడు. స్ప్రింగులు విప్పేముందు ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాం. దానికన్నా మంచి పద్ధతి ఒక చక్రం పూర్తిగా బిగించాకే రెండోది విప్పడం. అనుమానం వస్తే రెండో పక్క చూసుకుని వేయొచ్చు.

ఇక కమాన్. కుడి కట్టలో పైనుంచి రెండో పట్టీ సరిగ్గా మధ్యలో, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగి ఉంది. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల కింద ఉండటంతో బయటికి కనిపించలేదు. పట్టీకి ఆ రంధ్రం దగ్గరే బలం తక్కువ. యూ బోల్టులు బిగువుగా ఉన్నంతకాలం ఆ భాగం కదలదు, అవి వదులైతే అక్కడే వంగి వంగి విరుగుతుంది. అలాగే వదిలేస్తే సెంటర్ బోల్టు కూడా తెగి యాక్సిల్ చోటు తప్పి జరుగుతుంది, బండి అడ్డం నడుస్తుంది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా టేపు పట్టి కొలిచాం. సమానంగానే ఉంది, అంతవరకు బతికిపోయాం.

ఇంకో విషయం అప్పుడే బయటపడింది. రెండు కట్టల్లోనూ కంపెనీ ఇచ్చినదానికన్నా ఒక పట్టీ ఎక్కువుంది. బండి అమ్మినాయన వేయించి ఉంటాడు. లోడు ఎక్కువ మోయాలని చాలామంది వేయిస్తారు. కట్టలు రెండూ డీసీఎం లారీలో వేసుకుని వరంగల్ ఆటోనగర్‌లో కమాన్ పని చేసే దుకాణానికి తీసుకెళ్లాం. విరిగిన పట్టీకి బదులు అలాంటిదే కొత్తది చేయమని, ఎక్కువున్న పట్టీలు తీసేయమని చెప్తే అక్కడి మేస్త్రీ నవ్వాడు.

“అందరు ఎక్కువ ఎయ్యమని వస్తరు, నువ్వు తీయమంటున్నవేందన్నా? రేపు వడ్ల లోడుకు ఎట్ల ఆగుతది?”

ఆయన అడిగిందానికి జవాబు ఆర్సీలోనే ఉంది. ఆర్సీ మీద ఖాళీ బరువు, మొత్తం బరువు రెండూ రాసి ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే బండి మోయగలిగేది, అందులోనే డ్రైవరు, పక్కన కూర్చున్న మనిషి బరువు కూడా. మాది 1.5 టన్నుల రకం. వడ్ల కొనుగోలు కేంద్రంలో బస్తా 40 కిలోలు. 37 బస్తాలకే 1,480 కిలోలు అవుతుంది. మా చుట్టుపక్కల ఇలాంటి బండ్లలో 55, 60 బస్తాలు వేయడం చూస్తూనే ఉంటాం. 60 అంటే 2,400 కిలోలు. పట్టీ ఎక్కువ వేస్తే కమాన్ ఆగుతుంది గానీ, యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు అన్నీ కంపెనీ ఇచ్చినవే కదా. చట్టం సంగతి చెప్పాలంటే 2019 సవరణ ప్రకారం ఓవర్‌లోడ్‌కు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

బ్రేకుల మీద పడే దెబ్బ ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మా బండిలాంటి కొన్ని పికప్‌లకు వెనక యాక్సిల్ దగ్గర ఒక వాల్వు ఉంటుంది. దాని నుంచి ఒక సన్న కడ్డీ యాక్సిల్‌కు కలుస్తుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి, వాల్వు వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ పంపుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ పంపుతుంది. పట్టీ ఎక్కువేసి కమాన్‌ను గట్టి చేస్తే లోడు నిండుగా ఉన్నా ఛాసిస్ అంతగా దిగదు. వాల్వుకు బండి సగం ఖాళీగా ఉన్నట్టే లెక్క. బరువు పెరిగినప్పుడే వెనక బ్రేకు తగ్గుతుందన్నమాట. ఇది చెప్తే మేస్త్రీ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పట్టీలు తీసి పక్కన పడేశాడు. కమాన్ చివర్లలో ఉండే బుష్షులు కూడా కొత్తవి వేయించుకుని వచ్చాం.

బిగించేటప్పుడు యూ బోల్టులు కొత్తవే వేశాం. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ బిగువు నిలుపుకోదు. ముందు చేతి బిగువుకు ఎక్కించి, బండిని దించి, చక్రాల మీద బరువు పడ్డాక ఎదురెదురు మూలలుగా బిగించాం. దానికి టార్క్ పానా ఊళ్లో ట్రాక్టర్లు బాగు చేసే అన్న దగ్గర అడిగి తెచ్చుకున్నాం. కిరాయిలు మొదలయ్యాక మొదటి లోడ్లు దించి వచ్చి మళ్లీ బిగిస్తే ప్రతి నట్టూ కాస్త తిరిగింది. కొత్త కమాన్ పట్టీలు సర్దుకుంటాయి కాబట్టి ఆ రెండోసారి బిగింపు మానకూడదు. వీల్ నట్లకూ అంతే.

బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. తమ్ముడు పెడల్ మీద, నేను చక్రం వెనక గాలి వదిలే నిప్పిల్ దగ్గర. పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. “నొక్కి పట్టు” అన్నాక నిప్పిల్ వదలాలి, మూసేశాకే “వదులు” అనాలి. ఈ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. మొదట వచ్చిన ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి మార్చకపోతే నీళ్లు చేరి, వేడికి ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్చడం మంచిది. డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పోయాలి. అందుబాటులో ఉంది కదా అని ఇంజన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

మళ్లీ అదే మట్టి బాటలో చూశాం. ఈసారి రెండు టైర్ల గీతలూ సమానంగా పడ్డాయి.

పత్తి కొట్టే బండ్లవాళ్లు రేడియేటర్ కూడా చూసుకోవాలి. దూది పీచు గాలికి ఎగిరి వచ్చి రేడియేటర్ ముందు పల్చగా అట్ట కడుతుంది. దూరం నుంచి చూస్తే దుమ్ములాగే ఉంటుంది గానీ గాలి ఆడనివ్వదు, ఎండాకాలం లోడు మీద బండి వేడెక్కుతుంది. ఇంజన్ చల్లారాక లోపలి వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. బయట నుంచి కొడితే పీచు ఇంకా లోపలికి దిగుతుంది. సర్వీసింగ్ సెంటర్ల నీళ్ల పైపు దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టర్ అయితే ఆ సీజన్‌లో పుస్తకంలో రాసినదానికన్నా ముందే మార్చేస్తాం.

ఫిట్‌నెస్ మామూలుగానే అయిపోయింది. టైర్ల గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకుండా, ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టర్ టేపు చిరగకుండా, లైట్లన్నీ వెలిగేలా ముందే చూసుకున్నాం. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు సరిగ్గా ఉన్నాయి. అక్కడ చెప్పుకోవాల్సింది ఏమీ జరగలేదు.

తమ్ముడికి మాత్రం పట్టీలు తీయించడం ఇంకా నచ్చలేదు. బస్తాలు తగ్గించి వేస్తున్నామని ఇద్దరు ముగ్గురు రైతులు వేరే బండ్లు మాట్లాడుకున్నారు, అది నిజమే. మిర్చి కిరాయిల్లో ఆ తేడా అంతగా లేదు, మిర్చి బస్తాలు చోటు ఎక్కువ తీసుకుంటాయి, బరువుకన్నా ముందు బండే నిండుతుంది. అసలు లెక్క యాసంగి వడ్లప్పుడు తేలాలి. ఇప్పుడు లోడు వేసిన ప్రతిసారీ ధర్మకాంట మీద తూచిన చీటీని డ్యాష్‌బోర్డులో పెడుతున్నాం. వెనక చక్రాలు మాత్రమే కాంటా మీదికి ఎక్కించి ఇంకోసారి తూస్తే వెనక యాక్సిల్ మీద ఎంత పడుతోందో కూడా తెలుస్తుంది. లోడు ఎంత వెనక్కి వేశామన్నది అందులో కనిపిస్తుంది. కాంటా దగ్గర ఖాళీగా ఉంటేనే అడగాలి, వెనక లైనుంటే తిడతారు.

ఈ వానాకాలానికి క్లచ్ ప్లేట్ మార్చాల్సి వచ్చేలా ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తోంది గానీ బండి వేగం అందుకోవడం లేదు. దానికి గేర్‌బాక్స్ దించాలి. తుమ్మ మొద్దుల మీద నిలబెట్టిన బండి కింద పడుకుని, ఆ బరువు గుండెల మీదికి దించుకునే పని నేను చేయను. అది ఆటోనగర్‌కే.