రోహిణి కార్తెలో తెనాలి దాకా

రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్లు పగిలే ఎండలంటారు. మా గుంటూరు ఇళ్లలో ఇప్పుడు రోళ్లు లేవు కాబట్టి ఆ ప్రతాపమంతా తారు రోడ్ల మీద చూపిస్తోంది. మిర్చి యార్డుకైనా వేసవి సెలవులు ఇస్తారు గానీ మందుల కంపెనీ ప్రతినిధులకు ఎవరూ ఇవ్వరు. ఇవాళ తెనాలి వంతు.

పొద్దున్నే బంకుకు వెళ్లి గాలి పట్టించాను. "ఎండాకాలం కదా సార్, కాస్త తగ్గించి పెట్టనా?" అన్నాడు గాలి కొట్టే కుర్రాడు. వద్దన్నాను. ఈ మాట ప్రతి వేసవిలోనూ వింటూనే ఉంటాను. టైరు వేడెక్కితే లోపల పీడనం పెరిగే మాట నిజమే. అది కూడా లెక్కలో వేసుకునే కంపెనీవాళ్లు చల్లగా ఉన్న టైరుకు ఇంత ఉండాలని చెబుతారు. అంతకన్నా తగ్గిస్తే టైరు పక్కలు ఎక్కువగా నలిగి మరింత వేడెక్కుతాయి. పేలుతుందని భయపడి చేసే పనే పేలడానికి దారి తీస్తుంది.

పక్కన స్కూటరాయన వంద రూపాయలకే పెట్రోలు పోయించుకుంటున్నాడు. "ట్యాంకు నింపితే ఎండకు పేలిపోతుందట కదండీ" అన్నాడు నాతో. ఏటా ఎండలు ముదరగానే ఫోన్లలో తిరిగే సందేశమే అది. ఇండియన్ ఆయిల్ సంస్థే దాన్ని ఖండించింది. బండి తయారుచేసినవాళ్లు చెప్పిన హద్దు వరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చు. అదే చెబితే శ్రద్ధగా విని, తలూపి, ఆ వంద రూపాయల పెట్రోలుతోనే వెళ్లిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. పేలని ట్యాంకంటే ఉన్న భయం, పగిలే తలంటే ఎందుకు లేదో!

మా బృందంలో కొత్తగా చేరిన కుర్రాడు తన బండి మీద నాతోపాటే వచ్చాడు. పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. నారాకోడూరు దగ్గర ఆగినప్పుడు, "గాలి తగులుతుంటే హాయిగానే ఉంది సార్, మీరేమిటి ఇలా నిండా కప్పుకున్నారు?" అని అడిగాడు. పొద్దుటిపూట అతని మాట తప్పేమీ కాదు. మన చర్మం వేడి 35 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపే అది ఒంట్లోని వేడిని మోసుకుపోతుంది. మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటాక కథ తిరగబడుతుంది. బండి ఎంత వేగంగా పోతే అంత వేడి గాలి వచ్చి ఒంటికి తగులుతుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఒక్కటే. అదీ పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో మనకు తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగగానే ఒక్కసారిగా ధారలు కడుతుంది చూడండి, అప్పటిదాకా పోయిందీ అంతే.

మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు. వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. వదులైన నూలు చొక్కా, మెడ చుట్టూ తడిపిన తువ్వాలు, హెల్మెట్ కింద పలచని నూలు టోపీ. నాకు ఇవి చాలు. తువ్వాలు కొసలు మాత్రం చొక్కాలోకి దోపుకోవాలి. గాలికి ఎగిరే చున్నీలు, కొంగులు చక్రంలో పడి జరిగే ప్రమాదాల గురించి ఆసుపత్రుల చుట్టూ తిరిగే నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. చెమట పడుతోందని కుర్రాడు హెల్మెట్ పట్టీ వదిలేశాడు. పెట్టించాను. పట్టీ లేని హెల్మెట్ కింద పడేటప్పుడు మనకంటే ముందే ఎగిరిపోతుంది.

తెనాలిలో క్లినిక్ బయట సైడు స్టాండు తారులోకి దిగబడి ఎవరిదో బండి ఒరిగిపోయింది. పట్టుకుని లేపి, స్టాండు కింద చదునైన రాయి పెట్టాం. నా సంచిలో చిన్న చెక్క ముక్క ఎప్పుడూ ఉంటుంది.

ఒంటి గంట నుంచి నాలుగు దాకా బండి ఎక్కకూడదని నియమం పెట్టుకున్నాను. మా మేనేజరుకు ఈ నియమం సంగతి తెలియదు. ఆ సమయంలో తెలిసిన మందుల షాపులో కూర్చున్నాను. ఒకాయన వచ్చి, అట్టపెట్టె రసం చూపించి "ఇది ఓఆర్‌ఎస్సేనా?" అన్నాడు. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వాటితోపాటు పొటాషియం, సిట్రేటు ఉండాలి. తీపి పానీయాల మీద ఆ పేరు వేయడానికి వీల్లేదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. దాని వెనక హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి ఏళ్ల తరబడి పోరాటం ఉంది. మామూలు రోజుకైతే ఓఆర్‌ఎస్ కూడా అక్కర్లేదు, ఉప్పు వేసిన పలచని మజ్జిగ చాలు. నేను తాగిందీ అదే, పైన నాలుగు ముంజలు.

నీళ్లు తాగమని అందరూ చెబుతారు. మా వృత్తిలో ఉన్న ఆడపిల్లలు దారిలో మరుగుదొడ్డి దొరకదని పొద్దుటినుంచీ గొంతు తడుపుకోరు. వాళ్లకు ఏ సలహా ఇచ్చినా సిగ్గుగానే ఉంటుంది. మరుగుదొడ్లు కట్టాల్సినవాళ్లకు చెప్పాల్సిన మాట అది.

అన్నట్టు, జలుబుకు సెటిరిజిన్ వేసుకుని వెంటనే బండెక్కేవాళ్లను రోజూ చూస్తుంటాను. మధ్యాహ్నపు భోజనం, ఎండ, ఆ మాత్ర మూడూ కలిస్తే చేతిలో హ్యాండిలు ఉండగానే కునుకు పడుతుంది. రాత్రి వేసుకోవచ్చేమో డాక్టరును అడిగితే పోతుంది. నీరు పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవాళ్లు కూడా వేసవిలో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది. సొంతంగా మానేయడం మాత్రం వద్దు.

ఐదు దాటాక బయలుదేరితే దారిలో గాలిదుమారం, వెంటనే చినుకులు. కుర్రాడు తడుస్తూ పోదామని ఉబలాటపడ్డాడు. టీ కొట్టులో కూర్చోబెట్టాను. నెలల తరబడి రోడ్డు తాగిన ఆయిలూ దుమ్మూ మొదటి చినుకులకే పైకి తేలతాయి. గట్టిగా కురిసి కడిగేదాకా ఆ జారుడు తగ్గదు. ఇవాళ గట్టిగా కురవనే లేదు, రోడ్డు ఆరేదాకా ఆగి, మెల్లగా వచ్చాం.

తెనాలి ప్రయాణంలో పొద్దున తూర్పుకు పోవాలి, సాయంత్రం పడమరకు రావాలి. రెండుసార్లూ ఎదురెండే. రేపు నరసరావుపేట. అటు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. నాకు సుఖమే గానీ ఎదురుగా వచ్చే లారీవాడి కళ్లలో ఎండ పడుతుంది, నేను వాడికి కనపడకపోవచ్చు. 2017 తర్వాత వచ్చిన బళ్లకు లైటు దానంతటదే వెలుగుతుంది. నాది అంతకు ముందుది, స్విచ్ వేయాలి. ఆరింటికల్లా పేరేచర్ల దాటేయాలి.