సురబయలో ఒక ఖాళీ మధ్యాహ్నం

ఆఫీసు పని మీద ఇండోనేషియాలోని సురబయ నగరానికి వచ్చి, ఇవాళ కాస్త ఖాళీ దొరికితే వీరుల స్మారకం దగ్గరున్న మ్యూజియంకి వెళ్లాను.

మొదట డచ్ వాళ్ల పాలనలో, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ చేతిలో ఉన్న ఇండోనేషియా 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. సెప్టెంబరులో ఇక్కడి యమాటో హోటల్ మీద డచ్ జెండా ఎగిరితే, కుర్రాళ్లు పైకెక్కి అందులోని నీలం పట్టీ చింపేశారు. మిగిలిన ఎరుపు, తెలుపే వాళ్ల జెండా! అక్కడిదాకా భలే మురిసిపోయాను.

ఆ తర్వాతి సంగతే గొంతులో అడ్డం పడింది. జపాన్ వాళ్ల ఆయుధాలు తీసుకోవడానికి, బందీలను విడిపించడానికని అక్టోబరు చివర్లో దిగిన బ్రిటిష్ సైన్యం పేరు 49వ ఇండియన్ బ్రిగేడ్. మనవాళ్లే. మనకే ఇంకా స్వాతంత్ర్యం లేదు, ఇక్కడేమో ఇంకొకరి స్వాతంత్ర్యానికి ఎదురు నిలబడ్డాం. నవంబరు 10న మొదలైన పెద్ద దాడిలోనూ భారతీయ సిపాయిలున్నారు. కొందరు మాత్రం అటువైపు వెళ్లిపోయారట. మన సైన్యాన్ని ఇలా వాడటాన్ని నెహ్రూ గట్టిగా తప్పుపట్టారు. కానీ ఆజ్ఞ ఢిల్లీది కాదు కదా, లండన్‌ది.

బయట టీ అమ్మే పెద్దాయన "ఇండియా? షారుఖ్ ఖాన్!" అని నవ్వాడు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.