అమ్మమ్మ వీణ

మొత్తానికి ఈరోజు తేల్చేశాను. అమ్మమ్మ బొబ్బిలి వీణకి రంధ్రాలు వేయించడం లేదు.

తీగలు బిగించే చెక్క బిరడాలు తీసేసి గేర్ కీలు పెట్టిస్తే శ్రుతి నిలుస్తుందని, ధ్వనిని స్పీకర్‌కి పంపే పికప్ బిగిస్తే కచేరీలకి బాగుంటుందని నెల రోజులుగా ఇంట్లో ఒకటే చర్చ. విశాఖ ఎండకి మా ఎంవీపీ కాలనీ ఇంట్లో తీగల కింది మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి, పై స్థాయి మెట్లు పక్కకి జరిగిపోయాయి. వాయిస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

నిన్న రాత్రి గుడ్డతో తుడుస్తూ చూశాను. నాలుగో మెట్టు మీద తీగ ఒరుసుకుని సన్నటి గాడి. అమ్మమ్మ వేలు రోజూ ఆగిన చోటు అది. గుండ్రటి కుండ, పొడవాటి దండి ఒకే పనస మొద్దులోంచి తొలిచిన ఏకాండి వీణ, మధ్యలో అతుకు లేదు. అలాంటి కర్రకి డ్రిల్లు పెడితే మళ్లీ మునుపటిలా చేయలేం. మైనం అయితే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, అది ఉన్నదే అందుకు.

ఆదివారం బొబ్బిలి దగ్గర వీణలు చేసే గొల్లపల్లికి తీసుకెళ్తున్నాం. 24 మెట్లూ తీయించి, కొత్త మైనంతో మేళం కట్టించాలి, అంటే మెట్లని మళ్లీ స్వరస్థానాల్లో కూర్చోబెట్టించాలి. కచేరీకి ఎదురుగా మైకు పెట్టుకుంటే చాలు.

ఫోన్లో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బయల్దేరే ముందు తీగలు కాస్త వదులు చెయ్యి తల్లీ, కారు కుదుపులకి తెగుతాయి" అంది.